సారు లేని జట్టు చదువు: కాల్కాజీ గోడ నుంచి ఇస్లాపూర్ ఇంటి ఫోన్ దాకా

ఇంటర్నెట్ ఉన్న ఒక తెర, దాని చుట్టూ నలుగురు పిల్లలు, పాఠం చెప్పే పెద్దమనిషి మాత్రం లేడు. ఇలాంటప్పుడు పిల్లలు తమంతట తాము ఏం నేర్చుకుంటారు, ఎంత దాకా నేర్చుకుంటారు? పాతికేళ్లకు పైగా ఈ ప్రశ్న మీద మన దేశంలోనే ఎన్నో ప్రయోగాలు జరిగాయి. వాటిలో ముఖ్యమైనవి కొన్ని హైదరాబాదులో జరిగాయి. మహారాష్ట్రలో సింధుదుర్గ్ జిల్లా, ఫల్టణ్ పట్టణం కూడా ఈ కథలో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీగా పెరుగుతున్న మన పిల్లలకు ఇందులో పనికొచ్చేది ఎంత, పనికిరానిది ఎంత అన్నది ఒకచోట రాసిపెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం. ముఖ్యంగా మా మనసులో ఉన్నది ఒక్కటే పని: తెలుగు మాట్లాడగలిగి చదవలేని పిల్లలు తెలుగు అక్షరాలు నేర్చుకోవడం.

ఇస్లాపూర్‌లో ఈ అవసరం ఎక్కడిది

1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో మన ఊరి పేరు ఉందని చాలామందికి తెలియదు. హైదరాబాదు రాష్ట్రాన్ని పంచినప్పుడు ఆదిలాబాదు జిల్లా నుంచి బొంబాయి రాష్ట్రానికి పోయిన భాగాలను ఆ చట్టం పేరు పేరునా చెప్పింది. కిన్వట్ తాలూకా, రాజూరా తాలూకా, వాటితో పాటు బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్. అదే లెక్కలో నాందేడ్ జిల్లా నుంచి ముధోల్, భైంసా, కుబీర్, బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు అటు పోయాయి. 1956 నవంబర్ 1న గీత మారింది, మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. అంటే మనలో చాలామంది ఇక్కడికి వలస వచ్చినవాళ్లు కాదు, గీతే మన మీదుగా వచ్చింది. ఇంటిపేరు చివరి ‘వారు’ కాస్తా ‘వార్’ అయింది, అంతే.

అదే 1956లో ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది అంటుంది. బాలభారతి పాఠ్యపుస్తకాలు వేసే భాషల్లో తెలుగు కూడా ఉంది. కాగితం మీద దారి ఉన్నా, బతుకుతెరువు లెక్క వేసుకుని మన ఇళ్లలో చాలామంది పిల్లలను మరాఠీ బడికో ఇంగ్లీషు బడికో పంపుతారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ దాని ఫలితం మూడు తరాల్లో కనిపిస్తుంది. నిజాం కాలంలో చదువుకున్నవాళ్లలో ఎక్కువమంది ఉర్దూలో చదివారు. ఆ తర్వాతి తరం మరాఠీలో చదివింది. ఇప్పటి పిల్లలు మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు. నోట్లో తెలుగు నిలిచింది, చేతిలో మాత్రం లేదు. అవ్వ తెలుగులో అడిగితే మనవడు మరాఠీలో జవాబిచ్చే ఇళ్లలో, ఇంకో తరానికి నోట్లోదీ మిగలదన్న భయం ఉంది.

తెలుగు సారును పెట్టుకోవాలంటే పిల్లల సంఖ్య సరిపోదు, డబ్బు సరిపోదు. అందుకే సారు లేకుండా జట్టుగా నేర్చుకునే పద్ధతి మీద మాకు ఆసక్తి కలిగింది.

గోడలో కంప్యూటర్

1999 జనవరి 26న దక్షిణ ఢిల్లీలోని కాల్కాజీలో ఎన్ఐఐటీ కంపెనీ తన ఆఫీసు గోడకు కన్నం చేసి, అవతలి మురికివాడ వైపు తిరిగేలా ఒక కంప్యూటర్ పెట్టింది. దానికి ఇంటర్నెట్ ఉంది. ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు. ఈ పని చేయించినది అప్పట్లో ఆ కంపెనీలో శాస్త్రవేత్తగా ఉన్న సుగత మిత్ర. ఆయన కలకత్తాలో పుట్టారు, భౌతికశాస్త్రంలో పరిశోధన చేశారు, తర్వాత ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. గోడ దగ్గరికి చేరిన పిల్లలు కొన్ని గంటల్లోనే ఇంటర్నెట్ తిప్పడం మొదలుపెట్టారు. ఒకరు చేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు చూసి పట్టేశారు. తెర మీది బాణం గుర్తుకు వాళ్లే ‘సూయి’ అని, అంటే సూది అని, పేరు పెట్టుకున్నారు. కంప్యూటర్ ఆలోచిస్తున్నప్పుడు కనిపించే ఇసుక గడియారం బొమ్మ వాళ్లకు శివుడి డమరుకంలా కనిపించింది, అది ‘డమ్రూ’ అయింది. ఇంగ్లీషు పేర్లు తెలియకపోవడం వాళ్లకు అడ్డం కాలేదు.

ఆఫీసువాళ్లెవరో చాటుగా నేర్పి ఉంటారన్న అనుమానం రాకుండా పోదు. అందుకని అదే పనిని మధ్యప్రదేశ్‌లోని శివపురిలో చేశారు. బడి మానేసిన 13 ఏళ్ల అబ్బాయి 8 నిమిషాల్లో ఇంటర్నెట్ చూడటం పట్టుకున్నాడని, సాయంత్రానికి 70 మంది పిల్లలు ఆ పని చేశారని మిత్ర చెబుతారు. తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని మదన్‌తుసి గ్రామంలో ఇంటర్నెట్ కూడా లేకుండా సీడీలతో ఒక కంప్యూటర్ వదిలి వచ్చారు. మూడు నెలలకు వెళ్లి చూస్తే పిల్లలు ఇంకా వేగంగా పనిచేసే ప్రాసెసర్, మంచి మౌస్ కావాలని అడిగారట. ఆ మెషీన్‌కు ఇంగ్లీషు తప్ప రాదు కాబట్టి తామే ఇంగ్లీషు నేర్చుకోవాల్సి వచ్చిందనీ చెప్పారట. దాదాపు 200 ఇంగ్లీషు మాటలు, పలుకు తప్పుగా ఉన్నా అర్థం సరిగా, వాడుతున్నారు. ఆ మాట దగ్గర మేము కొంచెం ఆగాము. మెషీన్ ఏ భాష మాట్లాడితే పిల్లలు ఆ భాష వైపు నడుస్తారు. ఇది వాళ్ల తెలివికి సాక్ష్యమే. కానీ మెషీన్‌లో మన భాష లేకపోతే ఏమవుతుందో కూడా ఇదే చెబుతుంది.

2001 నుంచి ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని ఐఎఫ్‌సీ సాయంతో ఈ కియోస్కులు దేశంలో అనేక చోట్ల వెలిశాయి. వాటిలో మన రాష్ట్రపు సింధుదుర్గ్ జిల్లా ఒకటి. వికాస్ స్వరూప్ తన నవల రాయడానికి ఈ ప్రయోగమే ప్రేరణ అని చెప్పారు. స్లమ్‌డాగ్ మిలియనీర్ సినిమా ఆ నవల నుంచి వచ్చిందే.

హైదరాబాదులో యాస మారిన 16 మంది

మనకు అన్నిటికంటే దగ్గరి ప్రయోగం ఇది. సుగత మిత్ర, జేమ్స్ టూలీ, పరిమళ ఇనాందార్, పాలిన్ డిక్సన్ కలిసి రాసిన వ్యాసం 2003లో అచ్చయింది. హైదరాబాదులో 16 మంది పిల్లలకు ఐదు నెలల పాటు ఒక కంప్యూటర్, ఇంగ్లీషు నేర్పే సాఫ్ట్‌వేర్, కొన్ని ఇంగ్లీషు సినిమాలు, మాట్లాడితే అక్షరాలుగా రాసే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. పిల్లలు జట్లుగా దాని ముందు చేరేవాళ్లు. వాళ్ల ఇంగ్లీషులో తెలుగు యాస బలంగా ఉండటం వల్ల మొదట్లో మెషీన్ ఏదేదో రాసేది. దానికి అర్థమయ్యేలా మాట్లాడండి అన్నదొక్కటే వాళ్లకు అప్పజెప్పిన పని. ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. ఐదు నెలల్లో వాళ్ల ఉచ్చారణ గుర్తించదగినంతగా మెరుగైంది.

ఇక్కడ పనిచేసిన సూత్రం సులువైనది. మెషీన్ విసుక్కోదు, ఎగతాళి చేయదు, ఎన్నిసార్లు చెప్పినా వింటుంది, విన్నది వెంటనే రాసి చూపిస్తుంది. పక్కనున్న స్నేహితుడు ‘అట్ల కాదు, ఇట్ల అను’ అంటాడు. సారు ముందు నోరు తెరవని పిల్ల కూడా మెషీన్ ముందు తెరుస్తుంది.

అయితే ఆ మెషీన్ చెవికి ఒకే యాస తెలుసు. దానికి నచ్చేలా మాట్లాడటం కోసం పిల్లలు తమ యాసను వదిలారు. ఇంగ్లీషు ఉద్యోగాల కోసం అయితే అది లాభమే. అదే పనిని మనం తెలుగు కోసం చేస్తే ఏమవుతుందో ముందుకు పోయాక చూద్దాం.

కళికుప్పం లెక్క, అవ్వ లెక్క

పిల్లలు తమంతట తాము ఎంత దాకా పోగలరు? ఈ హద్దు ఎక్కడుందో చూడటానికే మిత్ర, రీతూ దంగ్వాల్ పుదుచ్చేరి దగ్గర కళికుప్పం గ్రామంలో ఒక ప్రయోగం చేశారు. దాని వ్యాసం 2010లో వచ్చింది. 10 నుంచి 14 ఏళ్ల తమిళ పిల్లల ముందు జీవసాంకేతిక శాస్త్రం పెట్టారు, అదీ ఇంగ్లీషులో. డీఎన్ఏ నకలు ఎలా తయారవుతుందన్నది పాఠం. కావాలనే అందనంత కష్టమైనది ఎంచుకున్నారు. సున్నా నుంచి మొదలైన పిల్లలు తమంతట తాము దాదాపు 30 శాతం మార్కులకు వచ్చారు. దగ్గర్లోని ప్రభుత్వ బడిలో సారు చెప్పగా చదివిన పిల్లల మార్కులకు అది సమానం. ఆ రోజుల్లో ఏం అర్థమైందని అడిగితే ఒక పిల్ల, డీఎన్ఏ నకలు సరిగా రాకపోతే రోగం వస్తుందన్నది తప్ప ఇంకేమీ అర్థం కాలేదని చెప్పిందట.

తర్వాత అసలు సంగతి. పిల్లలతో స్నేహంగా ఉండే 22 ఏళ్ల స్థానిక యువతిని జతచేశారు. ఆమె లెక్కలు రాసే ఉద్యోగి, ఆ శాస్త్రం ఆమెకు తెలియదు. ఆమె చేయాల్సిందల్లా అవ్వ చేసే పని. వెనక నిలబడి చూడటం, ‘అబ్బో, ఇది ఎట్ల చేసినవ్, మళ్లీ చూపియ్యి, తర్వాత ఏమైతది’ అని అడగటం. రెండు నెలల్లో మార్కులు 50 శాతానికి చేరాయి. ఢిల్లీలోని మంచి ప్రైవేటు బడి పిల్లలతో సమానమయ్యారు.

ఇది మన ఇళ్లకు నేరుగా తగిలే ఫలితం అని మేము అనుకుంటాం. అక్షరం రాని అవ్వ, అక్షరం నేర్పలేను కదా అని వెనక్కి తగ్గుతుంది. పాఠం తెలిసి ఉండాల్సిన అవసరం లేదు, పిల్లల మీద నిజమైన ఆసక్తి చాలు అని కళికుప్పం చూపించింది. తెలుగు అక్షరాల విషయంలో అయితే ఆమెకు ఇంకో బలం కూడా ఉంది. ఆమెకు భాష వచ్చు. పిల్ల ‘గుమ్మి’ అని కూడబలుక్కుని చదివితే అది ధాన్యం పోసుకునేదని చెప్పగలిగేది ఆమే.

ఈ అవ్వ పాత్రను దూరం నుంచి తెప్పించిన ప్రయోగమూ హైదరాబాదుతో ముడిపడిందే. స్కైప్ దేనికి వాడుకుంటారని పిల్లలను అడిగితే, బ్రిటిష్ అవ్వలతో కథలు చదివించుకుంటామన్నారు. 2009లో ఒక బ్రిటిష్ పత్రిక ద్వారా పిలుపు ఇస్తే వందల మంది ముందుకు వచ్చారు. రిటైరైన టీచర్లు, గృహిణులు వారానికి కొంతసేపు హైదరాబాదు బడుల పిల్లలకు తెర మీద కథలు చదివారు, మాట్లాడారు. దీనికి ‘గ్రానీ క్లౌడ్’ అని పేరు పడింది. ఇంగ్లీషు కోసం ఇంగ్లండు నుంచి అవ్వలు వచ్చారు. తెలుగు కోసం మనకు అంత దూరం పోవాల్సిన పని లేదు. నిర్మల్‌లో, భైంసాలో, ఆదిలాబాదులో చుట్టాలు ఉన్నారు, చదవడం వచ్చిన మేనత్తలు ఉన్నారు. వీడియో కాల్ ఉచితం.

ఫల్టణ్, ‘పెద్ద ప్రశ్న’

2013లో మిత్రకు 10 లక్షల డాలర్ల టెడ్ బహుమతి వచ్చింది. ఆ డబ్బుతో ఏడు చోట్ల ప్రయోగశాలలు పెట్టారు. ఇంగ్లండులో రెండు, మన దేశంలో ఐదు. ఆ ఐదింటిలో ఒకటి సాతారా జిల్లాలోని ఫల్టణ్‌లో ఉంది.

పద్ధతి గోడలో కన్నం రోజుల కంటే కాస్త కుదురుకుంది. నలుగురికి ఒక తెర. జట్టు నచ్చకపోతే మారవచ్చు. పక్క జట్టు ఏం చేస్తోందో తొంగిచూడవచ్చు, తెలుసుకున్నది తీసుకుని రావచ్చు. బడిలో దీన్ని కాపీ అంటారు, ఇక్కడ అదే పద్ధతి. పెద్దవాళ్లు ఒక ప్రశ్న వేసి తప్పుకుంటారు. చెట్లు ఆలోచిస్తాయా అన్నది వాళ్లు తరచూ వేసే ప్రశ్నల్లో ఒకటి. ముప్పావు గంట తర్వాత ప్రతి జట్టూ లేచి తమకు తెలిసింది చెప్పాలి.

ప్రశ్న బాగుండాలి, ఒక్క మాటలో జవాబు వచ్చేది కాకూడదు. ఇస్లాపూర్ పిల్లలకైతే సహస్రకుండ్ జలపాతం ఉంది. పైన్‌గంగ నీళ్లు అక్కడే ఎందుకు అంత ఎత్తు నుంచి పడుతున్నాయి, ఆ రాయి ఏ రాయి? మన ఊరు ఒకప్పుడు బోథ్ తాలూకాలో ఎందుకుంది? కోలాము వాళ్ల మాటల్లో కొన్ని మన మాటల్లా ఎందుకు వినిపిస్తాయి? ఈ మూడింటికీ జవాబులు ఇంటర్నెట్‌లో సగం, ఊళ్లో పెద్దల దగ్గర సగం దొరుకుతాయి.

మెచ్చనివాళ్లు ఏమన్నారు

ఈ ప్రయోగాలను అందరూ ఒప్పుకోలేదు. వాళ్ల మాటలు మనకు ఎక్కువ పనికొస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ వార్షావర్ తొలినాళ్లలో ఢిల్లీ కియోస్కులు చూసి, ఇంటర్నెట్ చాలాసార్లు పనిచేయలేదని, హిందీలో చూసేందుకు ఏమీ లేదని, పిల్లలు ఎక్కువగా బొమ్మలు గీయడం, ఆటలు ఆడటమే చేస్తున్నారని రాశారు. తల్లిదండ్రుల్లో కొందరికి సంతోషం, కొందరికి చదువు పాడవుతోందన్న బాధ. పాయల్ అరోరా 2010లో రాసిన వ్యాసంలో, ఉత్తరాఖండ్‌లోని అల్మోరా, హవాల్‌బాగ్‌లలో పెట్టిన కియోస్కులు కొన్నేళ్లకే మూలపడ్డాయని, స్థానికులకు వాటి జ్ఞాపకం కూడా పెద్దగా లేదని చెప్పారు. కంప్యూటర్ పెట్టినవాళ్లు వెళ్లిపోయాక దాన్ని తమదనుకునేవాళ్లు ఊళ్లో లేకపోతే అంతే.

పిల్లకొక కంప్యూటర్ ఇస్తే చాలనుకున్న పథకానికి కూడా ఎదురుదెబ్బ తగిలింది. పెరూ దేశంలో 319 గ్రామీణ బడుల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. ల్యాప్‌టాప్‌లు ఇచ్చిన బడుల పిల్లలకు భాషలోనూ లెక్కల్లోనూ మార్కులు పెరగలేదు. ఎవరి తెర వాళ్ల ఒళ్లో ఉంటే జట్టు ఉండదు, మాట ఉండదు. 2016 తర్వాత డేటా చౌకై ప్రతి ఇంట్లో ఫోన్ వచ్చాక మనం రోజూ చూస్తున్నది ఇదే. ఒకే గదిలో నలుగురు పిల్లలు, నాలుగు ఫోన్లు, రీల్స్. గోడలోని కంప్యూటర్ నలుగురూ నడిచే దారిలో ఉండేది, ఎవరేం చూస్తున్నారో అందరికీ కనిపించేది. దాని మంచి సగం అందులోనే ఉంది.

సొంత భాషలో తెర: టాంజానియా, పరితేవాడి

2019లో ముగిసిన గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ పోటీ మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది. ఆఫ్రికాలోని టాంజానియాలో దాదాపు 170 గ్రామాల్లో 3,000 మందికి దగ్గరగా పిల్లలకు టాబ్లెట్లు ఇచ్చారు. వాటిలోని పాఠాలు ఇంగ్లీషులో కాదు, అక్కడి స్వాహిలి భాషలో ఉన్నాయి. మొదట్లో వాళ్లలో 90 శాతానికి పైగా స్వాహిలిలో ఒక్క మాట కూడా చదవలేకపోయేవాళ్లు. 15 నెలల తర్వాత అలాంటివాళ్ల సంఖ్య సగానికి పడిపోయింది. సగం మందికి ఇంకా రాలేదు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. మాట్లాడే భాషను చదవడం దాకా తెర తీసుకుపోగలదు, కానీ అందరినీ కాదు.

మన రాష్ట్రంలోనే, కర్ణాటక సరిహద్దు జిల్లా సోలాపూర్‌లో పరితేవాడి అనే చిన్న ఊరు ఉంది. అక్కడి జిల్లా పరిషత్ బడి ఉపాధ్యాయుడు రంజిత్‌సింహ్ దిసలేకు 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలకు పుస్తకాల భాష అర్థం కావడం లేదని గమనించి, ఆయన పాఠాలను వాళ్ల మాతృభాషలోకి మార్చారు. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు పెట్టి పాటలు, కథలు, వీడియోలు ఫోన్‌లో వచ్చేలా చేశారు. బడిలో ఇంటిభాషకు చోటు ఇవ్వడం మరాఠీకి అన్యాయం చేయడం కాదు.

తెలుగు అక్షరాలకు ఇది ఎలా కుదురుతుంది

మరాఠీ బడిలో మూడో తరగతి దాటిన పిల్లకు తెలుగు లిపిలో సగం పని అయిపోయినట్టే. ఈ మాట కొందరు పెద్దలు నమ్మరు. అ ఆ ఇ ఈ వరస రెండింటికీ ఒకటే. క ఖ గ ఘ ఙ వరస ఒకటే. బడిలో బారాఖడీ అన్నదే మన గుణింతం. మరాఠీలో ళ ఉంది, హిందీ పిల్లలకు ఉండే ఆ ఇబ్బంది మన పిల్లలకు లేదు. మరాఠీలో ‘చమచా’ అన్నప్పుడు పలికే చ, మన ‘చాప’లోని చ ఒకటే. కొత్తవి అక్షరాల ఆకారాలు మాత్రమే.

తడబడేది రెండు మూడు చోట్ల. హ్రస్వ ఎ, ఒ మరాఠీలో వేరుగా రాయరు. అందుకని నెల, నేల రెండూ పిల్లకు ఒకేలా కనిపిస్తాయి. నోటికి మాత్రం ఆ తేడా తెలుసు, ఎందుకంటే ఇంట్లో వింటోంది. ఈ తేడాను చెవితో పట్టి కంటికి అప్పజెప్పడమే పని. రెండోది ఒత్తులు. మరాఠీలో మొదటి అక్షరం సగమై రెండోదానికి అతుక్కుంటుంది. తెలుగులో మొదటిది నిండుగా నిలబడితే రెండోది కిందికి దిగుతుంది. ‘అమ్మ’తో మొదలుపెడితే ఇది త్వరగా పట్టుబడుతుంది.

ఫోన్‌లో ఇప్పుడున్న వసతులు హైదరాబాదు ప్రయోగం నాటి సాఫ్ట్‌వేర్ కంటే చాలా మేలు. 2017 నుంచి గూగుల్ కీబోర్డులో తెలుగులో మాట్లాడితే తెలుగు అక్షరాలు పడతాయి. ఫోన్‌ను టీవీకి కలిపి ఒక పిల్ల మాట్లాడితే, మిగిలిన ముగ్గురూ తెర మీద ఏ అక్షరం ఎక్కడ పడిందో చూడవచ్చు. తన నోటి మాట అక్షరమై కనిపించడం కంటే మంచి అ ఆ ల పాఠం మాకు తెలియదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలు ఉచితం. చాలా కథలు మరాఠీలోనూ తెలుగులోనూ ఉన్నాయి, ఒకే బొమ్మ కింద రెండు లిపులు పక్కపక్కన పెట్టుకుని జట్టే పోల్చుకోవచ్చు. పిల్ల బయటికి చదువుతుంటే విని తప్పు చెప్పే రీడ్ అలాంగ్ యాప్ 2020లో తెలుగు, మరాఠీ సహా తొమ్మిది భాషల్లో వచ్చింది. కాస్త పెద్ద పిల్లలకు తెలుగు వికీపీడియా ఉంది, 2003 డిసెంబర్ నుంచి నడుస్తోంది.

ఇక ముందు ఆపిన ప్రశ్న. ఫోన్ చెవికి అలవాటైనది పుస్తకాల, టీవీల తెలుగు. అవ్వ ‘పొద్దుగాల’ అంటే, ‘గిట్ల’ అంటే, మధ్యలో నాలుగు మరాఠీ మాటలు కలిపితే, అది ఇంకేదో రాయవచ్చు. హైదరాబాదు పిల్లలు మెషీన్ కోసం యాస మార్చుకున్నట్టు, మన పిల్లలు మెషీన్ మాటే ఒప్పు, అవ్వ మాట తప్పు అనుకునే ప్రమాదం ఉంది. అక్షరం వచ్చి మాట పోతే మనకు మిగిలేది ఏముంది? అందుకని జట్టుకు ఒక నోటుబుక్కు ఉండాలి. ఫోన్ రాసింది ఒక వరసలో, అవ్వ అన్నది పక్క వరసలో. రెండూ తెలుగే అని పెద్దలు ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

జట్టు కూర్చునే చోటు ముందుగదిలోనో వాకిట్లోనో ఉండాలి, తలుపు వేసిన గదిలో వద్దు. మౌస్ అయినా ఫోన్ అయినా పెద్ద మగపిల్లల చేతిలో ఉండిపోతుంది, ఆడపిల్లల వంతు వచ్చేలా అవ్వే చూడాలి. జట్టులో తలా ఒక బలం ఉన్నవాళ్లు ఉంటే మంచిది: ఒకరికి మాట బాగా వచ్చు, ఒకరికి మరాఠీ చదువు వేగం, ఒకరికి ఫోన్ కిటుకులు. వారానికి రెండు పూటలు, పూటకు ముప్పావు గంట చాలు. తప్పు చదివితే వెంటనే దిద్దవద్దు, పక్క పిల్ల దిద్దేదాకా ఆగాలి. పెద్దవాళ్లకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే. పది పూటలకు కూడా ఎవరికీ గుణింతం పట్టుబడకపోతే జట్టును తప్పు పట్టకుండా, చదవడం వచ్చిన చుట్టాన్ని ఎవరినైనా వీడియో కాల్‌లో కూర్చోబెట్టాలి.

పరీక్ష పెట్టాలనిపిస్తే దానికి ప్రశ్నపత్రం అక్కర్లేదు. మాఘమాసంలో అటువైపు నుంచి పెళ్లిపత్రికలు వస్తాయి, తెలుగులోనే ఉంటాయి. ఇన్నాళ్లూ వాటిలో ముహూర్తం కోసం ఫోన్ చేసి అడుగుతున్నాం. పత్రికను జట్టు చేతికి ఇచ్చి, ఎవరి పెళ్లి, ఏ ఊళ్లో, ఏ పూట, అవ్వకు చదివి వినిపించమనవచ్చు.